పెద్దమ్మ చూడాలనుకున్న చోటు

పోయిన వేసవిలో ఒక శుభలేఖ ఇవ్వడానికి భవానీపురం వెళ్ళాను. ఇవ్వాల్సినవాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. ఫోను చేస్తే, దారిలో ఉన్నామండీ, కాసేపట్లో వచ్చేస్తాం, కూర్చోండి అన్నారు. కూర్చోవడానికి అరుగు కూడా లేని ఇల్లు అది. సరేలే అని, ఎండ తగ్గిన వీధుల్లో అలా నడుచుకుంటూ పోయి, అనుకోకుండానే ఏటి ఒడ్డున ఉన్న పార్కు దగ్గర తేలాను.

గేటుకు తాళం ఉంది గానీ, దాని పక్కనే ప్రహరీ కూలిపోయి, మనుషులు తిరిగి తిరిగి నున్నబడిన కాలిబాట ఒకటి ఉంది. లోపల సర్కారు తుమ్మ మొలిచింది. ముక్కు విరిగిన సిమెంటు కొంగ, నీళ్ళు లేని ఫౌంటెను తొట్టి, అందులో ఎవరో తాగి పారేసిన కొబ్బరిబోండాలు. జారుడుబల్లకు ఎక్కే మెట్లు ఉన్నాయి, జారే రేకు లేదు. దగ్గర్లో ఎక్కడో చేపలు ఎండబెట్టినట్టున్నారు. కాలిన సిమెంటు వాసనలో ఆ నీచు వాసన కలిసి ముక్కుకు తగలగానే ఉన్నచోటే ఆగిపోయాను. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, నా భుజం పట్టుకుని, పార్కు వెనక మెట్ల మీదుగా ఏట్లోకి దిగిన మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

నాకు ఊహ తెలిసేనాటికి ఈ పార్కు కొత్తది. సాయంత్రాలు ఫౌంటెనుకు రంగు దీపాలు వెలిగేవి. ఆదివారం వచ్చిందంటే జనం కిటకిటలాడేవాళ్ళు. గేటు బయట ముంత మసాలా బండి, ఐసుబండి, పీచుమిఠాయి అమ్మేవాడి గంట. మేము అక్కడికి నాలుగు వీధుల అవతల, ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను బడిలో చేరిన కొత్తలో అమ్మ నన్ను రోజూ పార్కుకు తీసుకెళ్ళేది. తోటి పిల్లల అమ్మలు వారానికోసారి తీసుకొస్తే గొప్ప. మా అమ్మ మాత్రం ముసురు పట్టినా, ఒంట్లో నలతగా ఉన్నా మానేది కాదు. నేను జారుడుబల్ల ఎక్కుతూ జారుతూ ఉంటే, ఆమె ఏటి వైపు గట్టు మీద కూర్చునేది. చీకటి పడేదాకా ఆడనిచ్చే అమ్మ నాకొక్కదానికే ఉందని చాలాకాలం గర్వపడ్డాను.

తర్వాత ఒక ఏడు వరద పార్కులోకి వచ్చి, ఒండ్రు నింపి వెళ్ళిపోయింది. ఎత్తి పోసినవాళ్ళు లేరు. ఫౌంటెను మోటారు ఎవరో పట్టుకుపోయారు. దీపాలు ఒక్కొక్కటే పోయాయి. ఊళ్ళోవాళ్ళు రావడం మానేశాక, పక్కనే గుడిసెల్లో ఉండే చేపలవాళ్ళకు ఆ పార్కు పెరడు అయింది. ఉయ్యాలల ఇనుప కమ్మీల మీద వలలు ఆరేసేవాళ్ళు, సిమెంటు బెంచీల మీద చిన్న చేపలు ఎండబెట్టేవాళ్ళు. ఒక ముసలాయన తన వలను సరిగ్గా జారుడుబల్ల మీదే పరిచేవాడు. మేము నలుగురం పిల్లలం చేరి, ఆయన బోర్లించిన పడవ మీద కర్రలతో డప్పు వాయించి పగ తీర్చుకునేవాళ్ళం. ఆయన వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తకుండా తిట్టేవాడు.

నేను చెప్పబోయే వేసవినాటికి నాకు పదకొండో, పన్నెండో ఏళ్ళు. ఆ ఏడు కృష్ణలో నీళ్ళు లేవు. బ్యారేజీకి దిగువన ఇసుక తేలడం ప్రతి వేసవిలోనూ మాకు మామూలే. పైవైపు కూడా ఎండిపోవడం మాత్రం అప్పుడే చూశాను. గట్టు మీద నిలబడితే కనుచూపు మేర ఇసుక. మధ్యలో అక్కడక్కడ పచ్చటి మడుగులు, దూరంగా అవతలి ఒడ్డు వైపు సన్నటి పాయ. మగపిల్లలు ఏట్లో క్రికెట్ ఆడేవాళ్ళు. మధ్యాహ్నం గాలి లేస్తే ఇసుక వీధుల్లోకి వచ్చి, కిటికీల సందుల్లోంచి ఇంట్లో పడేది. అన్నం ముద్దలో కరకరలాడేది. అమ్మ పూటకోసారి ఊడ్చేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి చొక్కా దులుపుకుంటూ, ఏటి ఒడ్డున ఇల్లంటే ఎడారిలో కాపురం పెట్టినట్టుంది అనేవాడు.

అలాంటి రోజుల్లో పెద్దనాన్న మా ఇంటికి వచ్చాడు. వాళ్ళది మైలవరం దాటాక లోపలికి వెళ్ళే ఊరు. మామిడితోటలు, మెట్ట పొలాలు. అమ్మకు సొంత అక్క మొగుడే అయినా, ఆయన మా గడప తొక్కి ఏళ్ళు దాటింది. వరండాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, నాన్నతో చెప్పాడు. పెద్దమ్మకు రెండు కళ్ళలోనూ పొర ముదిరిపోయింది. ఒక కంటికి బెజవాడలో ఆపరేషన్ రాసి ఇచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇక్కడే ఉండి డాక్టరుకు చూపించుకుంటూ ఉండాలి. కూతురు పురిటికి సిద్ధంగా ఉంది, ఆమె ఇంట్లో కుదరదు. తోటలో కాయ కోతకొచ్చింది, తాను కదలడానికి లేదు. చెప్పవలసింది చెప్పి, ఆయన తల దించుకున్నాడు.

నాన్న ఏదో అనబోయేలోపే తలుపు చాటు నుంచి అమ్మ, "తీసుకురండి బావగారూ" అంది.

ఆ ఒక్క మాట అనడానికి అమ్మకు ఎంత పట్టిందో అప్పుడు నాకు తెలియదు. తెలిసినంతవరకు చెబుతాను. పెద్దమ్మకు ఒక కూతురు, ఒక కొడుకు. ఆ కొడుకును, అంటే మా అన్నయ్యను, ఇంటర్ చదువుకు బెజవాడలో చేర్చి మా ఇంట్లో ఉంచారు. అన్నయ్య గురించి నాకు గుర్తున్నది కొంచెమే. సైకిలు ముందు కమ్మీకి తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకునేవాడు. తలకు కొబ్బరినూనె దట్టంగా రాసేవాడు. నా పెరుగన్నంలో నేను ఏరి పారేసిన మామిడికాయ ముక్కలన్నీ తినేసేవాడు. ఒక ఆదివారం పొద్దున స్నేహితులతో ఏటికి స్నానానికి వెళ్ళి, తిరిగి రాలేదు. వాళ్ళ ఊళ్ళో, అందరి ఎదుటా, పెద్దమ్మ మా అమ్మతో "నీ చేతుల్లో పెట్టాను గదే. ఇదా నువ్విచ్చేది" అందట. నేను వినలేదు గానీ విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, మర్చిపోనివ్వనివాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళ మధ్య మాట లేదు. పెద్దమ్మ కూతురి పెళ్ళికి అమ్మ వెళ్ళి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేసింది. పెద్దమ్మ బెజవాడ రావడమే మానుకుంది. చీర కొనాలన్నా నూజివీడే వెళ్ళేది.

ఆపరేషన్ అయిన మర్నాడు పెద్దమ్మను ఆటోలో దించారు. కంటికి పట్టీ, పట్టీ మీద ఆకుపచ్చ గుడ్డ. వెనకే ఎండుగడ్డిలో పొదిగిన చిన్న రసాల గంప. ఆ గంప వచ్చాక ఇల్లంతా మామిడిపండు వాసన. డాక్టరు గట్టిగా నమలొద్దన్నాడని అమ్మ పండ్లు పిసికి, రసం తీసి, పీచు లేకుండా వడగట్టి గిన్నెలో పంపేది. పంపేది అని ఎందుకంటున్నానంటే, తాను తీసుకెళ్ళి ఇచ్చేది కాదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ నా చేత మాట్లాడించేవాళ్ళు. మీ పెద్దమ్మను అన్నానికి రమ్మను. మీ అమ్మకు చెప్పు, నాకు మజ్జిగ చాలని. ఫ్యాను పెంచాలేమో అడుగు. అక్కర్లేదని చెప్పు. మధ్యలో ఉన్నది ఒక్క తలుపే. ఒకరి మాట ఒకరికి నేను చెప్పకముందే వినపడేది. అయినా నేను చెప్పేదాకా ఆగేవాళ్ళు.

ఆ పని నాకు బాగా నచ్చింది. కొన్నాళ్ళకు సొంత కవిత్వం కూడా కలపడం మొదలుపెట్టాను. కాఫీ కావాలేమో అడుగు అని అమ్మ అంటే, "అమ్మ నీకోసం చిక్కటి పాలతో పెట్టిందట పెద్దమ్మా" అనేదాన్ని. సరేనను అని పెద్దమ్మ అంటే, "నీ కాఫీ లాంటి కాఫీ వాళ్ళూళ్ళో దొరకదట" అని అమ్మకు చేరవేసేదాన్ని. అమ్మ నా వైపు ఒక చూపు చూసి, డికాషన్ వైపు తిరిగేది.

ఇద్దరికీ మధ్య నేను లేకుండా జరిగేది ఒక్కటే, కంట్లో చుక్కలు వేయడం. పెద్దమ్మ నులకమంచం మీద వెల్లకిలా పడుకునేది. అమ్మ తల దగ్గర కూర్చుని, సబ్బుతో కడుక్కున్న వేళ్ళతో రెప్ప విడదీసి, చుక్క వేసి, చెంప మీదికి జారింది దూదితో అద్దేది. పెద్దమ్మ కన్ను మూసుకుని పడుకుంటే, అమ్మ చెయ్యి కాసేపు ఆ దిండు మీదే ఉండేది. ఎదురుగా కూర్చున్న నాకు ఎందుకో గట్టిగా ఊపిరి పీల్చాలన్నా మొహమాటంగా ఉండేది.

అది ఆవకాయ రోజులు. కారం, ఆవపిండి ఘాటు కొత్త కంటికి తగలకూడదని అమ్మ ఆ ఏడు ఆవకాయ మా ఇంట్లో కలపలేదు. ఎదురింటి పిన్నిగారి వంటింట్లో పెట్టుకుంది. కాయలు, జాడీలు, నూనె డబ్బా అన్నీ వీధి దాటించి తీసుకెళ్ళింది. ఈ సంగతి నేను పెద్దమ్మకు చెప్తే, ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

పట్టీ తీసి నల్ల కళ్ళజోడు ఇచ్చారు. ఆ రోజు పెద్దమ్మ ఇంట్లో ఒక్కో వస్తువునూ నిలబడి చూసింది. క్యాలెండరులో అంకెలు చదివింది. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, నీకు చుబుకం మీద పుట్టుమచ్చ ఉందే అంది, ఏదో కొత్తగా మొలిచినట్టు. సాయంత్రం అమ్మ ఎదురింట్లో పనిలో ఉండగా నన్ను పిలిచి, "ఇక్కడెక్కడో ఏటి ఒడ్డున పార్కు ఉందంట గదే. గాలికి పోయొద్దాం రా" అంది.

నేను సంబరంగా చెప్పులేసుకున్నాను.

మొదటి సాయంత్రం పెద్దమ్మ పార్కులో ఒక బెంచీ మీద, ఏటికి వీపు పెట్టి కూర్చుంది. నేను ఎదురుగా పేరుకున్న ఒండ్రు మట్టి మీద ఎక్కి దిగుతుంటే, జారిపడతావే అంటూ ఉంది తప్ప వెనక్కి తిరగలేదు. రెండో సాయంత్రమూ అంతే. లేవబోయే ముందు మాత్రం తిరిగి, నిలబడి, చాలాసేపు చూసింది. "నీళ్ళే లేవు" అంది. ఈ ఏడు రాలేదు పెద్దమ్మా అన్నాను. నీళ్ళు లేకపోతే ఎవరైనా నిరాశపడతారు. పెద్దమ్మ ముఖంలో నాకు అలాంటిదేమీ కనపడలేదు.

ఆ తర్వాతి సాయంత్రం ఆమె నేరుగా జారుడుబల్ల దగ్గర వల బాగుచేసుకుంటున్న ముసలాయన దగ్గరికి నడిచింది. పడవ మీద వాయించిన డప్పుకు ఇప్పుడు తగులుకుంటాడేమోనని నేను పెద్దమ్మ వెనక నక్కాను. ఆయన నన్ను గుర్తుపట్టి, మళ్ళీ వల వైపు తిరిగాడు.

ఇక్కడ ఒక కుర్రాడు మునిగిపోయాడు, మీకేమన్నా తెలుసా అని పెద్దమ్మ అడిగింది. చాలామంది పోయారమ్మా, ఏ కుర్రాడి సంగతి అన్నాడాయన, కొంచెం విసుగ్గానే. పెద్దమ్మ చెప్పింది. కాలేజీ పిల్లాడు. మైలవరం వైపు నుంచి చదువుకోడానికొచ్చాడు. ఆదివారం. ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. ముసలాయన చేతిలోని వల పక్కన పెట్టాడు.

"మీరు తల్లిగారా అండీ?"

పెద్దమ్మ తలూపింది. ఆ రోజు పడవలేసుకుని వెతికినవాళ్ళలో తానూ ఉన్నానని ఆయన చెప్పాడు. అప్పుడు పెద్దమ్మ అన్న మాటలు నాకు ఇప్పటికీ అలాగే వినిపిస్తాయి.

"ఆ చోటు నేను చూళ్ళేదయ్యా. నన్ను ఇక్కడికి రానియ్యలేదు, వాణ్ణే మా ఊరు తెచ్చారు. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే నీళ్ళే కనపడతయ్. ఎంత లోతో, ఎంత వెడల్పో తెలీదు. ఇప్పుడు కన్నొచ్చింది, నీళ్ళు లెవ్వు. చూపించు."

ఆయన ఆకాశం వైపు, ఇసుక వైపు చూశాడు. డాక్టరు దుమ్ములో తిరగొద్దన్నాడు పెద్దమ్మా అని నేను అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది, నడువు అన్నట్టు.

పార్కు వెనక మెట్లు దిగితే మామూలుగా నీళ్ళు కాళ్ళకు తగలాలి. ఆ రోజు చివరి మెట్టు కింద గుల్లలు, విరిగిన సీసా పెంకులు, ఎండి పెచ్చులు లేచిన బురద. అది దాటితే ఇసుక. ముసలాయన ముందు, మేము వెనక. చెప్పులు కూరుకుపోతుంటే పెద్దమ్మ వాటిని విప్పి నా చేతికిచ్చింది. ఇసుక ఇంకా వేడిగానే ఉంది. వెనక్కి చూస్తే గట్టు చిన్నదైపోయింది. కొండ మీద గుడి దీపాలు ఇంకా వెలగలేదు. ఏట్లో నడుస్తున్నామన్న ఉత్సాహం పోయి, నాకు భయం మొదలైంది. నీళ్ళు ఒక్కసారిగా వచ్చేస్తాయేమోనని మధ్యమధ్యలో ఎగువకు చూస్తున్నాను.

ఒకచోట ఇసుక తిన్నె ఉన్నట్టుండి విరిగిపోయి, కిందికి జారిపోయింది. పెద్ద గుంట. అడుగున కొంచెం పచ్చటి నీళ్ళు, వాటి చుట్టూ గేదెల అడుగులు. నీళ్ళున్నప్పుడు ఈ గుంట పైకి కనపడదని ముసలాయన చెప్పాడు. మోకాలి లోతేనని నడుస్తూ వచ్చినవాళ్ళకు ఒక్క అడుగు తేడాలో కింద నేల ఉండదట.

"ఇక్కడేనా?" అంది పెద్దమ్మ.

"ఇక్కడో, ఇంకాస్త అవతలో. అంత కచ్చితంగా చెప్పలేనమ్మా. నీళ్ళ మీద గుర్తేముంటదండీ."

పెద్దమ్మ అంచు దగ్గర కాసేపు నిలబడి, ఆ తర్వాత గుంటలోకి దిగింది. నేనూ దిగాను, వదలడానికి భయమేసి. అడుగున నిలబడితే గుంట అంచు పెద్దమ్మ తల కంటే కొంచెం ఎత్తుగా ఉంది. ఆమె చుట్టూ తిరిగి చూసింది. చెయ్యి చాచి ఇసుక గోడను తాకింది. అది పొడిపొడిగా రాలింది.

"ఇంతేనా" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. వాళ్ళ పొలంలో దిగుడుబావి దీనికి ఎన్నో రెట్లు లోతట. ఆ బావిలో అన్నయ్య ఏడేళ్ళప్పటి నుంచి పైనుంచి దూకేవాడట. బావిలో ఈత వచ్చినవాడు ఏట్లో ఎలా పోయాడని ఇన్నేళ్ళూ ఆమెకు అర్థం కాలేదట. వాడికి ఏరు తెలీదు గదా అని, అప్పుడు మాతో చెప్పింది.

నా పేరు పెట్టి ఎవరో పిలుస్తున్నారు. గుంట వాలు మీద నాలుగడుగులు పైకెక్కి చూస్తే, ఇసుకలో పడుతూ లేస్తూ అమ్మ వస్తోంది. ఎదురింటి నుంచి ఇంటికొచ్చేసరికి తలుపు గొళ్ళెం పెట్టి ఉందట. ఎవరో మేం పార్కు వైపు వెళ్ళామని చెప్పారట. పార్కులో మేము లేము, మెట్ల దగ్గర నుంచి చూస్తే ఏట్లో దూరంగా మనుషులు. అమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. మోచేతుల దాకా ఆవకాయ కారం, నూనె. గుంట అంచున ఆగి, రొప్పుతూ మమ్మల్ని చూసింది. ముసలాయన పక్కకు జరిగాడు.

పెద్దమ్మ చెయ్యి కళ్ళజోడు దగ్గరికి వెళ్ళింది.

"కళ్ళజోడు తియ్యకక్కా" అంది అమ్మ. "ఇసక పడుద్ది. ఏడవగూడదు కూడా."

అన్నేళ్ళ తర్వాత అమ్మ తన అక్కతో నేరుగా అన్న మొదటి మాట అది. పెద్దమ్మ చెయ్యి దించేసింది. అమ్మ గుంటలోకి దిగి వచ్చింది గానీ, తన చేతులు చూసుకుని, రెండడుగుల అవతలే ఆగింది. కారం చేతులు. ముట్టుకోవడానికి లేదు.

"నువ్వెప్పుడన్నా వచ్చావా ఇక్కడికి?" అని పెద్దమ్మ అడిగింది.

అమ్మకు బదులుగా పైనుంచి ముసలాయన చెప్పాడు.

"రోజూ వచ్చేవారండీ. ఏడాది పైనే. ఈ పాపను జారుడుబల్ల మీద వదిలేసి, ఆ గట్టు మీద కూర్చునేవారు. చీకటి పడ్డా లేవకపోతే మా ఆడాళ్ళు వెళ్ళి ఇంటికి పంపేవాళ్ళు."

నేను అమ్మ వైపు చూశాను. రంగు దీపాలు, జారుడుబల్ల, ఎంతసేపు ఆడినా ఏమీ అనని అమ్మ, అన్నీ ఒక్కసారిగా కదిలి వేరేచోట నిలబడ్డాయి. అప్పటికి నాకు దాన్ని ఏమనాలో తెలియలేదు. అమ్మ కళ్ళు ఏటి వైపే ఉండేవన్నది మాత్రం నిజమే. నేను జారుడుబల్ల పైనుంచి ఎన్నిసార్లు చేతులూపినా ఆమె చూసేది కాదు.

"నాతో చెప్పలేదేం?" అంది పెద్దమ్మ.

"ఏమని చెప్పనక్కా."

అవతల మడుగు దగ్గర కొంగలు లేచాయి. పెద్దమ్మ గోడకు ఆనుకుంటే ఇసుక ఆమె భుజం మీదుగా జారుతోంది. చివరికి, పక్కింటావిడ వంట గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"ఆ పొద్దున ఏం తిన్నాడే?"

"పెసరట్టు."

"కడుపు నిండా తిన్నాడా?"

"నిండా తిన్నాడక్కా. మళ్ళీ వేయించుకున్నాడు. అల్లం పచ్చడి బాగుందన్నాడు." అమ్మ ఆగింది. "మధ్యాహ్నానికి వచ్చేస్తా, గుత్తొంకాయ ఉంచమన్నాడు."

"ఉంచావా?"

"ఉంచాను."

పెద్దమ్మ ముందుకు వచ్చి అమ్మను పట్టుకుంది. అమ్మ రెండు చేతులూ ఎడంగా గాల్లోకి ఎత్తేసింది, కారం తగులుద్దక్కా, కారం తగులుద్ది అంటూ. ఏడవకూడదని అక్కకు చెప్పిన మనిషి తనే ఏడ్చింది. పెద్దమ్మ నల్ల కళ్ళజోడుతో, తల నిటారుగా పెట్టి, డాక్టరు చెప్పినట్టే ఏడవకుండా నిలబడింది. దానికి ఎంత బలం కావాలో నేను ఆ తర్వాత చాలా ఏళ్ళకు గానీ ఊహించలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నా భుజం పట్టుకోలేదు. కారం అంటని చోటు చూసుకుని, అమ్మ జబ్బ పట్టుకుని నడిచింది. నేను నా చెప్పులూ పెద్దమ్మ చెప్పులూ మోసుకుంటూ వెనక వచ్చాను. మెట్ల దగ్గర ముసలాయనకు పెద్దమ్మ చేతులు జోడించింది. ఆయన తానూ జోడించి, వల దగ్గరికి వెళ్ళిపోయాడు. మేము ఆ తర్వాత ఆయన పడవ జోలికి పోలేదు.

ఇంటికి వచ్చి అమ్మ చింతపండుతో, సబ్బుతో, శనగపిండితో చేతులు తోముకుని తోముకుని, ఇంకా ఘాటు పోలేదని వాసన చూసుకుంటూ ఉంటే, లోపలి నుంచి పెద్దమ్మ, చుక్కలేస్తావా లేదా, నిద్రొస్తోంది అని కేకేసింది. ఆ కేక అమ్మకే. మధ్యలో నేను లేను. ఆ పూటతో నా ఉద్యోగం పోయింది.

పెద్దమ్మ మరికొన్నాళ్ళు ఉంది. సాయంత్రం ముగ్గురం పార్కుకు పోయేవాళ్ళం. మళ్ళీ ఏట్లోకి దిగలేదు, గట్టు మీదే కూర్చునేవాళ్ళం. అమ్మ చీర కొంగులో వేయించిన శనక్కాయలు తెచ్చేది. అక్కచెల్లెళ్ళు అన్నయ్య గురించే మాట్లాడుకునేవాళ్ళు. కొడుకు తన దగ్గర లేని రెండేళ్ళనూ పెద్దమ్మ అమ్మ దగ్గర అడిగి తీసుకుంటోంది. రాత్రిళ్ళు చదివేవాడా, దుప్పటి కప్పుకునేవాడా, ఏ చొక్కా ఎక్కువ వేసేవాడు. చిన్నప్పుడు వాడు నత్తిగా మాట్లాడేవాడని పెద్దమ్మ చెప్తే, అమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మధ్యమధ్యలో పోట్లాడుకునేవాళ్ళు కూడా. ఆవకాయలో ఉప్పు తగ్గిందని పెద్దమ్మ, ముక్క ఊరితే సరిపోతుందని అమ్మ. ఎవరి వైపు ఉండాలో తెలియక నేను శనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేదాన్ని. కోతలయ్యాక పెద్దనాన్న వచ్చి తీసుకెళ్ళాడు. రెండో కంటికి కూడా ఇక్కడికే వస్తానని పెద్దమ్మ ఆటో ఎక్కుతూ తనే చెప్పింది.

ఆ వేసవిలో జనం పడ్డ కష్టం చిన్నది కాదు. దిగువన డెల్టాలో ఆ ఏడు నాట్లు ఆలస్యమయ్యాయి, కొన్ని ఊళ్ళలో పడనే లేదు. పార్కు పక్క గుడిసెల్లోని మగవాళ్ళు పడవలు బోర్లించి, తెల్లవారకముందే బెంజ్ సర్కిల్ వైపు కూలిపనికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు బయటి నుంచి వచ్చిన చేపలు తెచ్చుకుని అమ్మేవాళ్ళు. ఏరు ఎండిపోవడం మా ఇంటికి మేలు చేసిందని నేను ఎవరితోనూ అనలేదు. అనడానికి నోరు రాలేదు.

వానలు ఆలస్యంగా పడ్డాయి. పైనుంచి నీళ్ళు వదిలారని తెలిసిన సాయంత్రం ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. ఎర్రటి నీళ్ళు ఇసుక మీదుగా నురగ తోసుకుంటూ, ఏ తొందరా లేనట్టు పాకుతూ వచ్చాయి. నేను, అమ్మ చూసి వచ్చాం. ఇంటికి రాగానే అమ్మ పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో ఫోనున్న కొట్టుకు చేసి, అక్కను పిలిపించమంది. మళ్ళీ చేసినప్పుడు పెద్దమ్మ గొంతు నాకు కూడా వినపడింది. ఆమె ఫోనులో గట్టిగా అరుస్తూ మాట్లాడేది.

"ఎందాకా వచ్చినయ్యే నీళ్ళు?"

"మెట్ల దాకా వచ్చినయ్ అక్కా."

"అది మునిగిందా?"

మునిగిందక్కా అంది అమ్మ. అటువైపు కొట్లో ఎవరో బేరమాడుతున్న గొంతులు వినిపించాయి. తర్వాత పెద్దమ్మ, సరేలే, పొలాలకు నీళ్ళొస్తయ్ అంది. మనవడికి నామకరణం ఎప్పుడో చెప్పి, అందరూ రావాలంది. ఈసారి భోజనం చేయకుండా వెళ్తే ఊరుకోనని కూడా అంది.

పెద్దమ్మ పోయి కొన్నేళ్ళవుతోంది. గుడిసెలు ఎప్పుడో లేచిపోయాయి. ఆ ముసలాయన ఏమయ్యాడో అడగడానికి కూడా అక్కడ తెలిసిన మనిషి లేడు. పార్కును మధ్యలో ఒకసారి బాగుచేశారు, మళ్ళీ వదిలేశారు. పోయిన వేసవిలో నేను అక్కడ నిలబడి ఉండగానే, ఇంటికి వచ్చేశాం రండి అని ఫోను వచ్చింది. శుభలేఖ ఇచ్చి, కాఫీ తాగి, చీకటి పడుతుండగా ఇల్లు చేరాను. అమ్మ నా దగ్గరే ఉంటోంది. చిక్కుడుకాయలు తుంచుతోంది. పార్కు దాకా వెళ్ళానని చెప్పాను.

"నీళ్ళున్నయ్యా?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

"నిండుగా ఉన్నాయి" అన్నాను.

"మంచిది" అంది అమ్మ.